గేజి మారే చోట

కొత్త సెమిస్టరు మొదలైనప్పుడల్లా గణితం ల్యాబు కోసం పిల్లల్ని కొన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లు వేసుకోమంటాను. జియోజీబ్రా, ఆక్టేవ్, ఆర్, సేజ్. దేని పేజీ తెరిచినా డౌన్‌లోడ్ దగ్గర అవే మూడు బటన్లు: విండోస్, మ్యాక్, లినక్స్. ఏళ్ల తరబడి చూస్తున్నవే, వింతేమీ కాదు. కానీ ఈమధ్య వాటిని చూసినప్పుడల్లా లోపలెక్కడో ముల్లులా గుచ్చుకుంటోంది. వేసుకోబోయేది లెక్కలు చేసే సరుకు కదా, దానికి మూడు వాకిళ్లెందుకు? త్రిభుజంలో కోణాలన్నీ కలిపితే 180 డిగ్రీలని చెప్పేటప్పుడు "విండోస్‌లో అయితే" అని ఎవరమూ అనం. ఊరు, కులం, భాష, కాలం ఏదీ అడగనిది లెక్క ఒక్కటేనని తరగతిలో గొప్పగా చెప్తుంటాను. గంట కొట్టాక పక్కగదిలోకి వెళ్లి "నీది ఏ సిస్టమ్?" అని అదే పిల్లల్ని అడుగుతాను. రెండు మాటలూ నావే. రెండూ ఒకే నోటి నుంచి ఎలా వస్తున్నాయో, వాటి మధ్య సందులో ఏముందో తేల్చుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేనుండేది గౌడవెల్లిలో, మేడ్చల్‌కు ఇవతల. ఒకప్పుడు చేలున్న చోట ఇప్పుడు వరసగా రేకుల గోడౌన్లు. రాత్రనక పగలనక లారీలు వస్తాయి, పోతాయి. ఊరికి రైల్వే స్టేషనుంది. 2023లో ఈ లైను మీదికి ఎంఎంటీఎస్ రైళ్లొచ్చాయి గానీ లైను మాత్రం పాతది. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా పోయే ఈ దారిని నిజాం జమానాలో, 1900 ప్రాంతంలో, గోదావరి లోయ రైల్వే పేరుతో వేశారు. వేసింది మీటర్ గేజి. అంతకు పాతికేళ్ల ముందే, 1874లో, వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వచ్చిన లైనేమో బ్రాడ్ గేజి. ఒకదాంట్లో పట్టాల మధ్య ఎడం 1000 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 1676. ఒకే నిజాం, ఒకే స్టేషను, రెండు వెడల్పులు. ఒక లైనులో వచ్చిన బస్తా రెండో లైనులో ముందుకు పోవాలంటే వ్యాగన్ దింపి వ్యాగనెక్కించాల్సిందే. బస్తాలో ఉన్న పత్తికి గేజి సంగతి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. తెలిసింది హమాలీ భుజానికి. రైల్వే చరిత్రలో ఇంజన్ల పేర్లుంటాయి, ఇంజనీర్ల పేర్లుంటాయి, గేజి మారేచోట బస్తా మోసినవాడి పేరు ఉండదు. ఆ మూడు బటన్ల వెనక కూడా అలాంటివాళ్లెవరో ఉండి ఉండాలని ఒక సాయంత్రం స్టేషను వైపు నడుస్తుంటే తట్టింది. పోలిక నచ్చిందని వెంటనే నమ్మేయకూడదు. పత్తి బస్తా ఏ వ్యాగనెక్కినా పత్తిగానే దిగుతుంది. లెక్క కూడా అంతేనా?

అంతే కాదని ఒక కుర్రాడు చూపించాడు. మేడ్చల్ పక్క పల్లెవాడు, మాట తక్కువ. పైథాన్ భాషలో నంపై అనే లెక్కల ప్యాకేజీ వాడి 1 నుంచి 13 దాకా అంకెలన్నీ గుణించమన్నాను, అంటే 13 ఫ్యాక్టోరియల్. పక్కన కూర్చున్న అమ్మాయికి ల్యాబు యంత్రంలో, లినక్స్ మీద, 622 కోట్ల 70 లక్షల 20 వేల 800 వచ్చింది. ఇతని సొంత ల్యాప్‌టాప్‌లో, విండోస్ మీద, 193 కోట్ల 20 లక్షల 53 వేల 504. ప్రోగ్రాము అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఎర్రగీత లేదు, హెచ్చరిక లేదు. యంత్రం ఎంతో ధీమాగా జవాబిచ్చి కూర్చుంది. "నాది తప్పొచ్చింది సార్" అన్నాడు. నీది తప్పని నీకెలా తెలిసిందన్నాను. "ఇండ్ల 5 ఉంది, 10 ఉంది. గుణిస్తే చివర్ల రెండు సున్నాలన్న రావాలె గద సార్. నాకు 504 వచ్చింది" అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

రెండు జవాబులకూ తేడా తీస్తే సరిగ్గా 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంటే ముప్పైరెండు రెళ్లు గుణిస్తే వచ్చేది. గుట్టంతా అక్కడే ఉంది. సి భాషలో "లాంగ్" అనే పూర్ణాంకానికి ఎంత చోటివ్వాలో భాష కచ్చితంగా చెప్పలేదు, కనీసం ఇంత అని మాత్రం చెప్పి వదిలేసింది. 64 బిట్ల యంత్రాలు వచ్చినప్పుడు యునిక్స్ వంశం వాళ్లు లాంగ్‌ను 64 బిట్లకు పెంచుకున్నారు. విండోస్ వాళ్లు పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని 32 దగ్గరే ఉంచారు. అందులో పట్టే అతి పెద్ద అంకె 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. నంపై తన మామూలు పూర్ణాంకాన్ని ఆ లాంగ్‌కే కట్టేసుకుంది. 12 ఫ్యాక్టోరియల్ దాకా రెండు చోట్లా ఒకటే జవాబు. 13 దగ్గర ఒక గిన్నె పొంగింది, ఒలికింది పోగా మిగిలిందే జవాబైంది. 2024లో నంపై 2.0 వచ్చాక గానీ 64 బిట్ల విండోస్‌లో ఇది సర్దుకోలేదు, ఆ కుర్రాడి దగ్గరున్నది అంతకు ముందరిది. ఎవరిది తప్పందాం? పాత ప్రోగ్రాముల్ని కాపాడుకున్నవాళ్లదీ న్యాయమే, పెంచుకున్నవాళ్లదీ న్యాయమే. రెండు న్యాయాల మధ్య 13 ఫ్యాక్టోరియల్ ఇరుక్కుంది. లెక్కకు ఊరు లేదని నేను తరగతిలో కొట్టే ఉపన్యాసానికి ఇంతకంటే మంచి ప్రశ్న ఏ పరీక్ష పేపర్లోనూ రాదు.

అప్పటినుంచి సాఫ్ట్‌వేర్లను ఒక్కో సిస్టమ్‌కూ సరిపడేలా మూటలు కట్టేవాళ్ల కథలు వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది సేజ్ కథ. విలియం స్టైన్ అనే సంఖ్యాశాస్త్రవేత్త 2005లో మొదలుపెట్టాడు. మ్యాగ్మా, మేపుల్, మ్యాథమెటికా, మ్యాట్‌ల్యాబ్ అనే నాలుగు ఖరీదైన సాఫ్ట్‌వేర్లకు దీటుగా ఉచితంగా, లోపల ఏముందో చూసుకునే వీలుతో ఒకటుండాలన్నది ఆయన పట్టు. అన్నీ మళ్లీ మొదట్నుంచి రాయకుండా అప్పటికే ఉన్న మంచివాటిని ఒకచోట చేర్చాడు. సంఖ్యాశాస్త్రానికి ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి పారి. గ్రూపు సిద్ధాంతానికి 1986లో జర్మనీలోని ఆహెన్‌లో పుట్టిన గ్యాప్. బీజగణితానికి, కలనగణితానికి మ్యాక్సిమా. మ్యాక్సిమాది మరో కథ. ఎంఐటీలో పుట్టిన మ్యాక్‌సైమా అనే పాత ప్రోగ్రామును టెక్సస్‌లోని బిల్ షెల్టర్ 1982 నుంచి ఒంటిచేత్తో సాకాడు. 1998లో అమెరికా ఇంధన శాఖ నుంచి అనుమతి తెచ్చి అందరికీ వదిలిపెట్టాడు, 2001లో పోయేదాకా దాన్ని విడవలేదు. సేజ్‌లో చేరినవాటిలో ఒకటి సి భాషలో, ఒకటి లిస్ప్‌లో, ఒకటి ఫోర్ట్రాన్‌లో, ఇంకోటి సొంత భాషలో. అన్నీ కలిపి వందకు దగ్గర. వీటన్నిటినీ ఒకే పందిరి కింద కూర్చోబెట్టి, మాటామాటా కలిసేలా చూడటమంటే ఒక ఎత్తు. ఆ పందిరిని మోసుకెళ్లి మూడు వేరువేరు నేలల్లో నిలబెట్టడం ఇంకో ఎత్తు. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎలాగో నిలబడింది. విండోస్ దగ్గర మాత్రం ఏళ్లు పట్టింది. మొదట్లో విండోస్ వాడేవాడికి ఒక పూర్తి లినక్స్ యంత్రాన్నే బొమ్మ యంత్రంగా చేసి లోపల పెట్టి పంపేవారు. కూరగిన్నె అడిగితే వంటిల్లంతా ఎత్తి పంపినట్టు. 2017లో ఎరిక్ బ్రే అనే ప్రోగ్రామరు, ఐరోపా సంఘం డబ్బిచ్చిన ఓపెన్‌డ్రీమ్‌కిట్ ప్రాజెక్టు తరఫున, విండోస్‌లో యునిక్స్ వాతావరణం కల్పించే సిగ్విన్ మీద దాన్ని మామూలు ఇన్‌స్టాలర్‌గా తీర్చాడు. కొన్నేళ్లకు అదీ నిలవలేదు. ఇప్పుడు విండోసే తన కడుపులో లినక్స్‌కు చోటిస్తోంది కాబట్టి అందులో వేసుకోమంటున్నారు. తిరిగి తిరిగి మొదటికే వచ్చామా, లేక ముందుకే వచ్చామా? నాకింకా తేలలేదు.

ఈ పనిలో కష్టమంతా పెద్ద సిద్ధాంతాల్లో ఉంటుందనుకున్నాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, ఉన్నదంతా చిల్లర విషయాల్లోనే. ఒకడు ఫోల్డర్ల మధ్య ముందుకు వాలిన గీత పెడతాడు, ఇంకొకడు వెనక్కి వాలిన గీత. ఒకడికి పెద్దక్షరం చిన్నక్షరం వేరు, ఇంకొకడికి రెండూ ఒకటే. పేర్ల మధ్య ఖాళీ ఉంటే కొన్ని పాత పనిముట్లు అక్కడితో పేరైపోయిందనుకుని తెల్లమొహం వేస్తాయి. ప్రోగ్రాముల్ని కట్టే "మేక్" అనే పనిముట్టుకు ఆ జబ్బు పుట్టుకతో ఉంది. మన పిల్లలకు ఇంటిపేరూ ఒంటిపేరూ కలిపి మూడు నాలుగు ముక్కల పేర్లుంటాయి. కంప్యూటర్లో పూర్తి పేరు పెట్టుకున్నవాడి ఫోల్డరు పేరులో రెండు ఖాళీలు, వాటితోపాటు రెండు గండాలు. నా ల్యాబులో ఒక తమాషా చూశాను. చాలామంది ల్యాప్‌టాప్‌లో యజమాని పేరు "హెచ్‌పీ" అనో "డెల్" అనో ఉంటుంది. కొట్టువాడు పెట్టెలోంచి తీసి, తొందరలో ఏదో ఒకటి కొట్టి, చేతికిచ్చేసి ఉంటాడు. అమ్మానాన్న ముద్దుగా పెట్టిన పేరు అందులో ఎక్కడా లేదు. ఎంత అన్యాయమని మొదట అనుకున్నాను. తీరా చూస్తే ఆ హెచ్‌పీ గారికి అన్నీ సాఫీగా ఇన్‌స్టాల్ అవుతున్నాయి, సొంత పేరు శ్రద్ధగా రాసుకున్న పిల్లే ఎర్ర అక్షరాల ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఇదంతా గణితమా అంటే కాదు. కానీ ఆ పిల్ల మనసులో మిగిలేది "గణితం నాకు రాలేదు" అనే. ఫోల్డరు పేరులో ఖాళీ వల్ల ఆగిపోయినవాళ్లు ఎంతమంది తాము తెలివితక్కువవాళ్లమనుకుని వెళ్లిపోయి ఉంటారు? అది ఏ హాజరు పట్టీలోనూ కనబడదు.

మూట సరిగ్గా కడితే ఆ పిల్లకు ఏమీ తెలియదు. నొక్కింది, వచ్చింది, అంతే. ఈ పనికున్న శాపమే అది, బాగా చేసినకొద్దీ కనబడదు. ఆర్ సంగతి చూడండి. గణాంకశాస్త్రం తరగతిలో మన సి.ఆర్. రావు గారి పేరున్న 1945 నాటి అసమానతను బోర్డు మీద రాసి, దాన్నే ఆర్‌లో ఆడించి చూపిస్తుంటాను. క్రామర్-రావు హద్దు అన్ని యంత్రాల్లోనూ హద్దే. దాన్ని చూపించే ప్యాకేజీ మాత్రం క్రాన్ అనే భాండాగారం నుంచి రావాలి. 1997 నుంచి నడుస్తున్న ఆ భాండాగారంలో ఇవాళ ఇరవై వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఒక్కోదాన్నీ విండోస్ మీద, మ్యాక్ మీద, రకరకాల లినక్స్‌ల మీద మళ్లీ మళ్లీ కట్టి పరీక్షిస్తూనే ఉంటారు. నిన్న బాగున్నది ఇవాళ చెడితే రాసినవాళ్లకు గడువు పెట్టి ఉత్తరం వెళ్తుంది, సరిచేయకపోతే అటకెక్కిస్తారు. ఇందులో ఎంతో చాదస్తం ఉందని రచయితలు గొణుక్కుంటారు. ఆ చాదస్తం లేకపోతే నా ల్యాబు నడవదు. ఇంతకంటే పెద్ద చాదస్తం నూత్ గారిది. పుస్తకాల్లో లెక్కలు అందంగా అచ్చుకావాలని డొనాల్డ్ నూత్ 1977లో టెక్ మొదలుపెట్టినప్పుడు, ఒకే రాతప్రతి ఏ దేశంలో ఏ యంత్రం మీద పెట్టినా వాక్యం ఒకే చోట విరగాలన్నాడు. దశాంశాల్ని ఒక్కో యంత్రం ఒక్కోలా గుండ్రం చేస్తుంది కాబట్టి ఆ పంక్తులు విరిచే లెక్కలో వాటిని నమ్మలేదు. అచ్చు పాయింటును 65,536 ముక్కలు చేసి అంతా పూర్ణాంకాల్లోనే నడిపించాడు. అన్ని చోట్లా ఒకటే రావడం దానంతటదే జరగదని ఆయనకు బాగా తెలుసు.

లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్లు 2013 నుంచి ఇంకో అడుగు వేశారు. ఒకే సోర్సు నుంచి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు ప్యాకేజీ కట్టినా బిట్టుకు బిట్టు ఒకేలా రావాలన్నది పంతం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కట్టిన తేదీ లోపల ఎక్కడో పడుతుంది, ఫైళ్ల వరస ఒక డిస్కులో ఒకలా ఇంకో డిస్కులో ఇంకోలా ఉంటుంది, కట్టినవాడి ఫోల్డరు పేరు చాటుగా లోపలికి దూరుతుంది. వాటినన్నిటినీ ఏరి పారేస్తూ కూర్చున్నారు. ఎందుకంటే, నేను కట్టిందే నీకు చేరిందని, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని నువ్వే కట్టి పోల్చుకోవచ్చు. నా మాట నమ్మక్కర్లేదు, నువ్వే చేసి చూసుకో అనడం ఎక్కడో విన్నట్టు లేదూ? యూక్లిడ్ నుంచి ఇప్పటిదాకా గణితంలో నిరూపణ అంటే అదే కదా. ఇన్నాళ్లూ ఈ మూటలు కట్టే పనిని గణితానికి బయట, గుమ్మం దగ్గర నిలబెట్టాను. గణితం తనను తాను గణితమని చెప్పుకునే గుణమే వీళ్ల పనిలో కనబడుతుంటే ఇక గుమ్మం దగ్గరే నిలబెట్టడం మర్యాద కాదు.

ఇదంతా ఎక్కడో ఆహెన్‌లోనో బోర్డోలోనో జరిగే గొడవ, మనకేమిటని అనుకోవడానికి లేదు. మనవాళ్లకీ ఈ వ్యవహారం పాతదే. 1990ల తొలినాళ్లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లు కంప్యూటర్లలో తెలుగు రాసుకుందామంటే ఒక యంత్రంలో ఉన్న ఫాంటు ఇంకో యంత్రంలో లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఆర్‌టీఎస్ అనే పద్ధతి చేశారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో మూటగట్టి పంపితే, ఏ యంత్రమైనా ఆ మూటను చెక్కుచెదరకుండా మోస్తుంది, అవతలివాడు విప్పుకుని తెలుగు లిపిలో చూసుకుంటాడు. ఆ తర్వాత యూనికోడ్ వచ్చింది, ఇక గొడవే లేదనుకున్నాం. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం పంపితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. మిగతా ఫోన్లలో నిక్షేపంగా కనబడిన అక్షరమే అక్కడ గుండెపోటు తెప్పించింది. యాపిల్ వాళ్లు కొత్త వెర్షను పంపి సరిచేశారు. ఇక హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను, పిల్లల కోసం బాలస్వేచ్ఛను తయారుచేసి, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలు పెట్టించి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఊరూరా తిప్పారు. ముంబై ఐఐటీ వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో సైల్యాబ్, జియోజీబ్రా లాంటివి తెలుగు గొంతుతో వినొచ్చు. కేరళ బళ్లలో సర్కారే లినక్స్‌తోపాటు జియోజీబ్రాను కలిపి మూటగట్టి ఇస్తోంది. అక్కడి టీచరుకు ఇన్‌స్టాల్ అనే గండమే లేదు. మనకు అలాంటిది ఎందుకు లేదనే ప్రశ్నను ప్రస్తుతానికి పక్కనపెడతాను, లేకపోతే ఈ వ్యాసం వినతిపత్రమైపోతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే పావులూరి మల్లన కనబడతాడు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. రాసింది జైనుడు, తెచ్చింది శైవుడు. ఉన్నదున్నట్టు దించలేదు. కొన్ని లెక్కలు వదిలాడు, కొన్ని సొంతంగా చేర్చాడు. త్రైరాశికం ఏ మతానికీ చెందదు, ఏ ఛందస్సుకూ లొంగదు. అయినా ఒక తెలుగు లెక్కలవాడి నోట ఆడాలంటే ఎవరో ఒకరు కందంలోనో సీసంలోనో కూర్చి ఇవ్వాల్సిందే. మల్లనను మనం కవి అన్నాం, గణితవేత్త అన్నాం. ఒక చోట చెల్లేదాన్ని ఇంకో చోట చెల్లేలా చేసినవాడిగా ఎప్పుడైనా చూశామా? బహుశా ఆ పనికి సాహిత్య చరిత్రలో గానీ గణిత చరిత్రలో గానీ అధ్యాయం లేదు.

ఇంత పొగిడాక ఒక అనుమానం కూడా చెప్పాలి. మూట బిగించి కట్టడమూ, లోపల ఏముందో చూసుకునే స్వేచ్ఛా ఒక ఒరలో ఇముడుతాయా? ఓపెన్ సోర్స్ అన్నది విప్పి చూసుకొమ్మని. ఇన్‌స్టాలరేమో విప్పే అవసరం రాకుండా చేస్తానంటుంది. ఒక్క నొక్కుతో వచ్చిన సేజ్‌కూ, డబ్బు పెట్టి కొన్న మేపుల్‌కూ నా విద్యార్థి కళ్లకు తేడా ఏముంది? ధర తప్ప. ఎర్ర అక్షరాలతో కుస్తీ పట్టిన కుర్రాళ్లే నా అనుభవంలో తర్వాత లోపలికి తొంగిచూశారు. అలాగని కష్టం పెడితేనే చదువొస్తుందని వాదిస్తే, బెత్తంతో కొడితేనే ఎక్కాలొస్తాయన్న పాతకాలపు పంతులికీ నాకూ తేడా ఉండదు. కుస్తీ పట్టి గెలిచినవాడు మాత్రమే నాకు గుర్తున్నాడు. ఓడి వెళ్లిపోయినవాడు నాకు అనుభవం కింద లెక్కకు రాలేదు. కాబట్టి తలుపు వాకిట్లో నేలబారుగా ఉండాలి, లోపల ఇంకో తలుపు తీసే ఉండాలి. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఇంకో గొంతు కూడా వినిపిస్తోంది. ఈ మూటల గోలెందుకు, అన్నీ బ్రౌజర్లోకి వచ్చేస్తున్నాయి కదా అని. నిజమే, నెట్టులో నోట్‌బుక్ తెరిస్తే పైథానూ సింపైయూ సిద్ధంగా ఉంటాయి, ఫోనులో కూడా. మూడు బటన్లూ మాయం. మన రైల్వేవాళ్లు 1992లో ఏకగేజి ప్రాజెక్టు పెట్టినప్పుడు చేసింది ఇదే. దేశమంతా ఒకే వెడల్పు. మా ఊరి పట్టాలూ అలాగే బ్రాడ్ గేజి అయ్యాయి, గేజి మారేచోట బస్తా దింపి ఎక్కించే పని పోయింది. మంచిదే, నేనూ ఎక్కుతున్నాను. కానీ రైల్వే గేజి ప్రభుత్వానిది. బ్రౌజర్ అవతల ఉన్న యంత్రం ఎవరిది? వాళ్లు రేపు రేటు పెట్టినా, మూసేసినా, పాత వెర్షను తీసేసినా నా ల్యాబు రికార్డులోని జవాబులు ఎక్కడ సరిచూసుకోవాలి? పైగా గోడౌన్ల వెనక సందుల్లో సిగ్నలు రెండు గీతలకు మించదు. సర్వరు అక్కర్లేకుండా బ్రౌజర్ లోపలే పైథాన్ నడిపే పయొడైడ్ లాంటివీ ఉన్నాయి, ఆశగా చూస్తున్నాను. అయితే అక్కడ కూడా నంపైని బ్రౌజర్‌కు పనికొచ్చేలా మళ్లీ కట్టినవాళ్లున్నారు. బటన్లు మాయమవుతాయి, పని మాయమవదు. ఇంకా వెనక గదిలోకి వెళ్తుందంతే.

అందరికీ ఒకే జవాబు రావడం లెక్కకు పుట్టుకతో వచ్చిన గుణమని నమ్మి పాఠం చెప్పినవాణ్ని. తలలో ఉన్నంతసేపు అది నిజమే కావొచ్చు. తల దాటి యంత్రంలోకి దిగాక మాత్రం అది రోజూ ఎవరో ఒకరు నిలబెట్టాల్సిన పని, వాకిలి ఊడ్చే పని లాగా నిన్న చేశామని ఇవాళ మానలేనిది. అందుకే ఇప్పుడు ల్యాబు రికార్డులో ప్రతి జవాబు కింద సిస్టమ్ పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షను రాయిస్తున్నాను. "లెక్క కింద ఇంటి చిరునామా రాయిస్తున్నారేంటండీ" అని ఒక సీనియర్ లెక్చరర్ నవ్వారు. నవ్వనివ్వండి. సున్నాలు పట్టుకున్న ఆ కుర్రాడు ఇప్పుడు సీనియరు. నెట్టు సరిగా రాని జూనియర్ల కోసం కావలసినవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఏది ముందు వేయాలో ఏది తర్వాతో తెలుగులో ఒక కాగితం రాసి ఇస్తున్నాడు. అందులో చివరి వాక్యం, "అంతా అయినంక 13 ఫ్యాక్టోరియల్ అడుగు, చివర్ల రెండు సున్నాలు రాకుంటే ముందుకు పోకు." నేనెవరికీ చెప్పలేదు గానీ అన్ని చోట్లా ఒకటే రావాలని నూత్ తన టెక్‌కు పెట్టిన పరీక్షకు ఇది పల్లెటూరి తమ్ముడని నా లెక్క. నిన్న మొదటి సంవత్సరం పిల్ల ఒకతె వచ్చి ఆ పెన్‌డ్రైవ్ తీసుకుని, తిప్పి చూసి, "అన్నా, నాది మ్యాక్. మరి నాకో?" అంది. వాడు తల గోక్కుని, రేపు రమ్మన్నాడు.